ఏడంగుళాల జాన

ఆ రోజుల్లో అచ్చులో పడిన ప్రతి అక్షరాన్నీ జనం చదువుతారని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై రెండేళ్ల వయసులో ఆ నమ్మకం లేకపోతే ఎవడూ పత్రికాఫీసు మెట్లెక్కడు. పటాన్‌చెరులో బస్సు దిగి, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే మా ఆఫీసు. రెండు గదులు, ఒక కంప్యూటరు, గోడ పొడుగునా బీరువాలు. ఆ బీరువాల నిండా దేశదేశాల బొంతల పుస్తకాలు, ఎంబ్రాయిడరీ పుస్తకాలు, నిగనిగలాడే కాగితం మీద అచ్చయిన అల్లికల పత్రికలు. మాదీ అలాంటి మాసపత్రికే, నిగనిగ ఒక్కటే తక్కువ. నడిమి పేజీల్లో మడతపెట్టిన నమూనా షీటు ఒకటి ఇచ్చేవాళ్లం. విప్పితే అది మంచమంత అయ్యేది. తిరిగి మడవడం మాత్రం దాన్ని అచ్చేసినవాడికి కూడా వచ్చేది కాదు. ఆడవాళ్ల కుట్టు పత్రికలో మగపిల్లాడికేం పనని మీరు అడగొచ్చు. మా కాలనీలో అందరూ అడిగారు.

మా కాలనీ అంటే ప్రభుత్వ ఫ్యాక్టరీ క్వార్టర్లు. నాన్న గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో చేరారు. తయారైన సామాను కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపడం ఆయన పని. ఇంట్లోనూ అదే చూపు. దోసె గుండ్రంగా రాకపోతే పళ్లెంలోకి అనుమానంగా చూసేవారు (వెనక్కి పంపే ధైర్యం మాత్రం ఎప్పుడూ చేయలేదు, వంటింట్లో ఉన్నది అమ్మ). అలాంటి మనిషి కొడుకు డిగ్రీలో తెలుగు చదివి, సూదిలో దారం ఎక్కించడం కూడా రాకుండానే కుట్టు పత్రికలో సహాయ సంపాదకుడయ్యాడు. "గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నాకు బాగా తెలిసినవాడేరా. ఒక్క మాటంటే రేపే చేర్చుకుంటాడు. ఆ పత్రిక ఎన్నాళ్లుంటుందో ఏమో!" అని నాన్న కాఫీ తాగిన ప్రతిసారీ అనేవారు. ఆ సందేహం మా మేడమ్‌కి కూడా ఉందని నాకు తెలుసు.

మేడమ్ సంగారెడ్డిలో కుట్టుపని టీచరుగా చేసి రిటైరైన మనిషి. డాక్టరు మెడలో గొట్టంలాగా ఆమె మెడలో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది. అందుకని చాటున ఆమెను 'టేపు మేడమ్' అనేవాళ్లం ('వాళ్లం' అంటే నేనూ, కింద మిషన్ల దుకాణం ఆయనా). ఒకరోజు ఆమె బీరువా తలుపులన్నీ బార్లా తెరిచి, నన్ను దాని ముందు నిలబెట్టింది.

"సూడు నాయనా. గీ అరల అమెరికా బొంతలున్నయి, గీ అరల జపాను బొంతలున్నయి. మన బొంత మీద తెలుగుల ఒక్క పుస్తకం నాకు దొరకలే. మనమే తెద్దాం. గిది నిలబడితే పత్రిక నిలబడ్తది. నిలబడకపోతే ఇగ షట్టరే. నేను ఇంట్ల కూసుంట, నువ్వు గడ్డపోతారం పోవుడే."

మందుల ఫ్యాక్టరీ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. పటాన్‌చెరులో మాటలు బస్సుల కంటే వేగంగా తిరుగుతాయి. నాకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. మెట్లెక్కగానే కొట్టే కొత్త కాగితం వాసన, 'సహాయ సంపాదకుడు' అని ఆఖరి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో పడే నా పేరు, అవి వదులుకుని గోలీల ఫ్యాక్టరీలో డ్రమ్ములు లెక్కపెట్టడం నావల్ల కాదని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. ఈ పుస్తకం కోసం ప్రాణం పెడతానని మేడమ్‌కి మాటిచ్చాను. ప్రాణం పెట్టాను కూడా. టేపు పెట్టడమే మరిచిపోయాను.

అదెలాగో చెబుతాను. భానూరులో ఒక పెద్దావిడ ఉండేది. ఊళ్లో ఎవరింట్లో కాన్పయినా, పెళ్లయినా ఆమె చేతి అతుకుల బొంత ఒకటి ఉండాల్సిందే. అందుకే అందరూ 'బొంతవ్వ' అనేవారు. ఆమె దగ్గర కూర్చుని, బొంత కుట్టే పద్ధతి మొత్తం రాసుకుని రావడం నా పని. బయల్దేరేటప్పుడు మేడమ్ నా చేతిలో కొత్త టేపు పెట్టి, "నోటితోని చెప్పిన కొలతలు రాసుకోకు. దగ్గరుండి టేపుతోని కొలువు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను ఆ టేపును మేడమ్‌లాగే మెడలో వేసుకుందామనుకుని, కాలేజీ స్నేహితులు చూస్తే నవ్వుతారని సిగ్గుపడి, పక్కన సీటు మీద పెట్టుకున్నాను. సెవెన్ సీటర్ ఆటో నన్ను భానూరులో దించి, టేపుతో సహా ముందుకు వెళ్లిపోయింది.

బొంతవ్వ చాలా పొడగరి. ఎకరాలకెకరాలు నాట్లేసి, కలుపు తీసిన చేతులు. ఆ చేతివేళ్లు చూస్తే సూది ఎలా పట్టుకుంటుందా అనిపించేది గానీ, కుట్టు మొదలుపెడితే చీమల బారులా నడిచేది. వసారాలో పాత చీరల మూటలు విప్పుకుని కూర్చుని, నన్ను తన ముందు కూర్చోబెట్టుకుని చెప్పింది.

"రాసుకో బిడ్డా. ముక్క ఇటు జాన, అటు జాన. పొడుగుకు ఎనిమిది ముక్కలు, అడ్డానికి అయిదు. అంచుకు గింత మడత. కింద రెండు పాత చీరలు పరువాలె. ఇగ కుట్టుకుంట పోవుడే. గింతకు పుస్తకమెందుకురా?"

నేను భక్తిగా రాసుకున్నాను. ముక్క: జాన బై జాన. ఆ జాన ఎంతని కొలవాలంటే టేపు లేదు. ఒక దారం అడిగి ఆమె జానంత తుంచుకుని జేబులో వేసుకుంటే సరిపోయేది. ఈ ఉపాయం నాకు తట్టింది, కానీ మూడు నెలల తర్వాత తట్టింది. ఆ రోజు నేననుకున్నది ఒక్కటే: జాన అంటే జానే కదా, మనిషికో జాన ఉంటుందా?

ఉంటుందని తెలియక, ఇంటికొచ్చి నా చెయ్యే బల్ల మీద పెట్టాను. (నా చేతుల గురించి ఇక్కడ చెప్పాలి. బళ్లో వాలీబాల్ ఆడేటప్పుడు బంతి పట్టుకోలేక వదిలేస్తుంటే, మా డ్రిల్లు మాస్టారు నా చేతులు చూసి జాలిపడి నన్ను స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు.) నాన్న స్టీలు స్కేలు తీసుకుని బొటనవేలి నుంచి చిటికెనవేలిదాకా కొలుస్తుంటే, నాన్న పేపరు పక్కన పెట్టి వచ్చారు.

"దేనికిరా కొలతలు?"

"మా పుస్తకానికి నాన్నా. బొంత ముక్క ఎంతుండాలో రాయాలి."

కొలత అనేసరికి ఆయన ముఖం వెలిగింది. నా ఉద్యోగంలో ఆయనకు అర్థమయ్యే పని అదొక్కటే మరి. "పక్క నుంచి చూడకు, తేడా వస్తుంది. కన్ను సరిగ్గా గీత పైన ఉండాలి. ఉండు, నేను చూస్తాను" అని కళ్లద్దాలు సవరించుకుని, నా చేతి మీదికి వంగారు. అలా తండ్రీ కొడుకులం ఇద్దరం, తల పక్కన తల పెట్టి, కొలవకూడని చేతిని అత్యంత కచ్చితంగా కొలిచాం. "ఏడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు" అన్నారు నాన్న. నేను కాగితం మీద 'ఏడు అంగుళాలు' అని రాసి కింద గీత గీశాను. మర్నాడు మేడమ్ "టేపుతోనే కొలిచినవా?" అని అడిగితే, "స్టీలు స్కేలుతో కొలిచానండీ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద నులకమంచంపై పరిచిన ఎర్ర చీరల అతుకుల బొంత, వెనకాల నవ్వుతూ బొంతవ్వ. ఎంత బాగుందంటే, మేడమ్ మొదటి ప్రతిని బీరువాలో అమెరికాకీ జపానుకీ మధ్య నిలబెట్టి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆఖరి పేజీలో ఒక ప్రకటన కూడా వేశాం. రెండు నెలల తర్వాత సంగారెడ్డిలో ప్రదర్శన. పుస్తకం చూసి కుట్టిన బొంతలతో పాఠకులంతా రావాలి, మంచి బొంతకు కుట్టుమిషను బహుమతి. అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఉత్సాహం ఆపుకోలేక ఇంకో వాక్యం చేర్చాను: 'పుస్తకంలోని కొలతలకు కచ్చితంగా సరిపోయిన బొంతకే బహుమతి. సంపాదకురాలు స్వయంగా టేపుతో కొలుస్తారు.'

రెండో ప్రతి అమ్మకిచ్చాను. అమ్మ నా పత్రికను అట్ట నుంచి అట్టదాకా చదివేది. వ్యాసాలే కాదు, దారపుండల ప్రకటనలు, చందా షరతులు, ప్రెస్సు చిరునామా కూడా. ఈ పుస్తకం కూడా కళ్లజోడు పెట్టుకుని నాలుగు మధ్యాహ్నాలు చదివి, ఒకరోజు నేను అన్నం తింటుంటే అడిగింది.

"ఒరేయ్, ఏడంగుళాలన్నావు కదా, అందులో అంచు మడత కలిపేనా, విడిగానా?"

నాకేం తెలుసు? అయినా సహాయ సంపాదకుణ్ని కదా, "కలిపేనమ్మా. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే. అక్షరం అటూ ఇటూ కాకూడదు" అన్నాను. అమ్మ బుద్ధిగా తలూపి, నెయ్యి వేసింది.

ప్రదర్శన పదిరోజుల్లోకి వచ్చాక, బొంతవ్వకు ఆమె పుస్తకమూ ఆహ్వానమూ ఇవ్వడానికి మళ్లీ భానూరు వెళ్లాను (అప్పటిదాకా ఇవ్వకపోవడం తప్పే, పార్సిళ్ల పనిలో పడి వాయిదా వేశాను). ఆమెకు చదువు రాదు. అట్ట మీద తన బొమ్మను చీరకొంగుతో తుడిచి, చుట్టుపక్కల ఆడవాళ్లందరినీ పిలిచి చూపించింది. "సదువు బిడ్డా, నేనేం జెప్పిన్నో అందరూ ఇనాలె" అంది. నేను గొంతు సవరించుకుని, ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు చదివాను: "ముక్క ఒక్కొక్కటి ఏడు అంగుళాల చదరం..."

"అంగులమేందో నాకెర్క లేదు. అంటె ఎంతుంటది, చేతితోని సూపియ్యి."

నేను వేళ్లు సాచి చూపించాను. బొంతవ్వ నా చేతిని ఒకసారి చూసి, తన చేతిని తెచ్చి దాని మీద పెట్టింది. ఆమె చేతికింద నా చెయ్యి ఎక్కడుందో కనిపించలేదు. వసారాలో అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"నా జానేంది, నీ జానేంది కొడుకా! గీ లెక్కన కుడితె బొంత ఎవలు కప్పుకోవాలె? పిల్లి కప్పుకోవాల్నా?"

అక్కడే కూర్చుని నోట్‌బుక్కు వెనక లెక్క వేశాను. నా చేతి పక్కన పెట్టి చూస్తే ఆమె జాన పది అంగుళాలు. మడతలు పోను తొమ్మిది. ఎనిమిది ముక్కలకు ఆరడుగుల పొడుగు, హాయిగా మనిషి పడుకోవచ్చు. నా జాన ఏడు. మడతలు పోను ఆరు. ఎనిమిది ముక్కలకు నాలుగడుగులు, అడ్డం రెండున్నర. జిల్లా అంతటా ఎందరో ఆడవాళ్లు దాచుకున్న చీరలు కోసి, రెండు నెలలు కూర్చుని, నన్ను నమ్మి నాలుగడుగుల బొంతలు కుడుతున్నారు. పది రోజుల్లో అందరూ వాటిని పట్టుకుని ఒకే హాల్లోకి వస్తున్నారు. అక్కడ మేడమ్ మెడలో టేపుతో నిలబడి ఉంటుంది.

"అవ్వా, మా మేడమ్‌కి చెప్పకవ్వా. పత్రిక మూతపడుతుంది. నా కొలువు పోతుంది" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"నేనెందుకు జెప్త బిడ్డా? పరేషాన్ గాకు. జెర చాయ్ తాగు" అంది బొంతవ్వ. చాయ్ తాగాను, కానీ పరేషాన్ తగ్గలేదు.

ఆ పది రోజులూ ఆఫీసులో ఫోను మోగితే నా గుండె మోగేది. "హలో, బొంతల పుస్తకమా?" అనగానే నేను క్షమాపణ మొదలుపెట్టేవాణ్ని. అవతలి మనిషి "కాదు సారూ, అట్ట మీద ఎర్ర చీర ఏ దుకాణంల దొరుకుతది?" అని అడిగేది. ఒక్కరంటే ఒక్కరు కొలతల మాట ఎత్తలేదు. అందరూ కూడబలుక్కుని ప్రదర్శన రోజున నన్ను మధ్యలో కూర్చోబెట్టి అడుగుతారని నాకు అర్థమైంది. మేడమ్‌కి నిజం చెప్పేద్దామని రోజూ మెట్లెక్కుతూ వాక్యాలు కట్టుకునేవాణ్ని. లోపలికెళితే ఆమె హాలు బుక్ చేసిన రసీదు చూపిస్తూ, "రెండు వందల కుర్చీలు సాల్తయా నాయనా?" అని చిన్నపిల్లలా అడిగేది. "సరిపోతాయండీ" అని నేను పార్సిళ్లు కట్టడంలో పడేవాణ్ని. చివరికి ఒకరోజు కాఫీ దగ్గర నాన్నను నేనే అడిగాను, "గడ్డపోతారంలో ఆ ఉద్యోగం ఇంకా ఉందా?" అని. ఆయన ఎంత సంతోషించారంటే, ఆ పూట దోసె ఏ ఆకారంలో ఉందో చూడకుండా తినేశారు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. జహీరాబాద్ వైపు నుంచి కూడా వచ్చారు. ఎవరి చేతిలో చూసినా మూటలే. ముందు వరసలో బొంతవ్వ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. వెనక వరసలో మా అమ్మ, ఒళ్లో గుడ్డసంచితో. ఆమె వస్తానంటే వద్దనలేకపోయాను. కొడుకు పరువు పోయే సభకు తల్లి రాకపోతే బాగుండేదని మాత్రం అనుకున్నాను. మేడమ్ మొదటి పేరు పిలిచింది. వెలిమెల నుంచి వచ్చిన ఒకావిడ మూట విప్పింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె ఇంకా విప్పుతూనే ఉంది. బొంత ఆరడుగులు దాటింది. రెండో ఆవిడది అంతకంటే పెద్దది. మూడోది ఇద్దరు పట్టుకుంటే గానీ నిలవలేదు, డబుల్ కాటు మీద నలుగురు కప్పుకోవచ్చు. నాలుగోది, అయిదోది, పదోది... ఏ రెండూ ఒక్క కొలత కాదు, ఏ ఒక్కటీ నా కొలత కాదు.

నేను మెల్లగా వెలిమెల ఆవిడ పక్కకు చేరాను. "అక్కా, పుస్తకంలో ముక్క ఏడంగుళాలని ఉంది కదా?"

"ఉందా? ఏడ ఉంది?" అందామె, నిజంగానే ఆశ్చర్యపడి. "నేనేడ సదివిన సారూ! అట్టమీద బొమ్మ సూసిన, కుట్టిన."

పక్కనున్నావిడ అందుకుంది. "మా ఇంటాయన తాడిచెట్టంత పొడుగుంటడు. ఆయనను పండుకోబెట్టి కొల్త తీస్కున్న. పుస్తకానికేమెరుక ఆయన పొడుగు?"

ఇంకొకావిడ సిగ్గుపడుతూ చెప్పింది. "నేనైతే పుస్తకం చీరల మధ్యల దాసిపెట్టిన సార్. గంత మంచిగున్నది, మాసిపోతదని ముట్టుకోలే."

ఆ ముగ్గురు అక్కల కాళ్లకూ దండం పెడదామనిపించింది. దేవుడా, నన్ను ఎవరూ చదవలేదు! ఆ సంతోషంలో ఒక నిమిషం గడిచాక, ఒక చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. నూట ఇరవై పేజీలు రాశాను, రాత్రీ పగలూ కూర్చుని ఒక్కో వాక్యం దిద్దాను, ఒక్కరు, కనీసం పొరపాటున అయినా ఒక్కరు, చదవలేదా? కానీ ఆ ముల్లు సంగతి ఆలోచించే తీరిక దొరకలేదు. వేదిక మీద మేడమ్ మెడలోంచి టేపు తీసి, రెండో చేతిలోకి పుస్తకం తీసుకుంది.

"ఇగ కొలతలు సూద్దాం. పుస్తకంల ఎంతుందంటే..." అని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

నేను మనసులో గడ్డపోతారం బస్సెక్కేశాను. అప్పుడు ముందు వరసలోంచి బొంతవ్వ లేచింది. ఆమె లేస్తే ఎవరైనా చూడాల్సిందే, అంత మనిషి. నావైపు ఒక్క చూపు చూసి, చకచకా వేదికెక్కి, మేడమ్ చేతిలోని పుస్తకం మెల్లగా మూసేసింది.

"టేపెందుకు టీచరమ్మా? బొంతకు కొల్త మనిషి. కుట్టినామెనే కప్పుకొని పండుకొమ్మను. కాలు బయటికొస్తె గది బొంత గాదు, తువాల."

హాలంతా ఈలలు, చప్పట్లు. మేడమ్ మొదట తెల్లబోయింది, తర్వాత నవ్వేసి టేపు జేబురుమాలులా మడిచి చేతిలో పెట్టుకుంది. ఇక చూడండి, మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్లు సరిగా తిరగని ఫంక్షన్ హాల్లో, ఎర్ర తివాచీ మీద వరసగా ముప్ఫై మంది ఆడవాళ్లు మెడదాకా బొంతలు కప్పుకుని పడుకున్నారు. బొంతవ్వ చేతులు వెనక్కి కట్టుకుని మధ్యలో తిరుగుతూ పాదాలు చూసింది. "నీది బయటికొచ్చె, లే." "నువ్వు ముడుచుకొని పండుకున్నవ్, నాకెర్కనే, చాపు కాళ్లు." పావుగంట గడిచేసరికి చివర్న పడుకున్న సదాశివపేట ఆవిడ చిన్నగా గురక పెట్టింది. పక్కావిడ లేపబోతే బొంతవ్వ ఆపింది. "లేపకుర్రి. గీ ఉక్కల నిద్ర పట్టిందంటె గదే మంచి బొంత. మిషను ఆమెకే ఇయ్యుర్రి." ఆవిడ లేచాక తనకు బహుమతి వచ్చిందంటే చాలాసేపు నమ్మలేదు.

అంతా అయిపోయాక మేడమ్ వెనక వరసదాకా వచ్చి మా అమ్మను పలకరించింది. "మీరు సుత బొంత తెచ్చినట్టున్నరు గదమ్మా, సంచి నిండుగున్నది?"

"అబ్బే, లేదండీ. మా వాడి టిఫిను" అంది అమ్మ, సంచి మూతి చేత్తో గట్టిగా పట్టుకుని.

నాకు పొద్దుటి నుంచి భయంతో తెలియని ఆకలి అప్పుడు ఒక్కసారి వేసింది. టిఫిను పెట్టమన్నాను. "ఇంటికెళ్లాక పెడతాలే" అంది. బస్సులో కూడా ఆ సంచి నన్ను పట్టుకోనివ్వలేదు. గండం గడిచిన సంతోషంలో నేను అదేమీ పట్టించుకోలేదు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాను.

పుస్తకం ప్రతులన్నీ ఆ నెలలోనే అయిపోయాయి. అట్టమీది బొమ్మ కోసమే కొన్నారని నాకు తెలుసు, అయినా పత్రిక నిలబడింది. రెండో ముద్రణకు వెళ్లే ముందు ధైర్యం తెచ్చుకుని మేడమ్‌కి జరిగిందంతా చెప్పాను, ఆటోలో పోయిన టేపుతో సహా. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి, "నేను సుత ఆ పేజీ సదవలే నాయనా. ప్రూఫుల ఫొటోలే సూసిన" అని గొంతు తగ్గించి చెప్పింది. ఇద్దరం కలిసి కొత్త ముద్రణలో 'ముక్క ఒక్కొక్కటి ఒక జాన (ఎవరి బొంతకు వారి జాన)' అని మార్చాం. ఆ తర్వాత పత్రిక ఏడేళ్లు నడిచింది. ఆడవాళ్లంతా ఫోన్లలో వీడియోలు చూసి కుట్టడం మొదలుపెట్టాక, మేడమ్ నవ్వుతూనే షట్టరు దించింది. బీరువాలు మాత్రం ఇంటికి తీసుకెళ్లింది.

మా పాప పుట్టినప్పుడు నేను మోటారు పంపుల కంపెనీలో చేరి కొన్నాళ్లే అయింది. కొన్నవాళ్లకిచ్చే సూచనల పుస్తకాలు రాయడం నా పని. ఆసుపత్రి నుంచి పాపను ఇంటికి తెచ్చిన రోజు, అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ గుడ్డసంచి తీసింది. అందులోంచి ఒక బొంత తీసి పాపకు కప్పింది. మెరూన్ రంగు, సన్న జరీ అంచు ముక్కలు. ఆ చీర నాకు తెలుసు. మా మేనత్త పెళ్లికి నాన్న కొన్నది, అమ్మ ఏడాదికొకసారి కట్టుకునేది. కొన్నేళ్లుగా అది ఎందుకు కనబడటం లేదో మాలో ఎవరమూ అడగలేదు. నేను వెళ్లి నాన్న స్టీలు స్కేలు తెచ్చాను. నాలుగడుగుల పొడుగు, రెండున్నర అడుగుల అడ్డం. ఒక్కో ముక్క మడతలు పోను సరిగ్గా ఆరంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అమ్మా, ఇది..."

"మొదటావిడ మూట విప్పగానే తెలిసిందిరా ఎక్కడో తేడా కొట్టిందని. అంతమందిలో నేనిది తీస్తే నీ ఉద్యోగం ఏమైపోయేది?"

"కుట్టేటప్పుడు అనుమానం రాలేదా? ఇంత చిన్నగా వస్తుంటే?"

"వచ్చింది. కానీ నువ్వే కదరా రాశావు" అంది అమ్మ, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు. నన్ను ఒక్కరైనా చదవలేదే అని ఆ రోజు హాల్లో గుచ్చుకున్న ముల్లు అప్పుడు ఊడింది. దాని వెనకే కన్నీళ్లు కూడా వచ్చాయి. ఆ హాల్లో నా ఉద్యోగాన్ని కాపాడింది చదవని ముప్ఫై మంది అనుకున్నాను. చదివిన ఒక్క మనిషి వెనక వరసలో సంచి మూతి పట్టుకుని కూర్చుందని నాకు తెలియదు.

పాపకిప్పుడు ఏడేళ్లు. ఆ బొంతలోంచి కాళ్లు బయటికొస్తున్నాయి, అయినా వేరేది కప్పుకోనంటుంది. పంపుల పుస్తకాలు ఎవరూ చదవరని నాకు బాగా తెలుసు. డబ్బా విప్పగానే మొదట పారేసేది వాటినే. అయినా రాసిన ప్రతి కొలతా రెండుసార్లు సరిచూస్తాను, ఎందుకంటే మా ఇంట్లో పంపు లేకపోయినా అమ్మ ఆ పుస్తకాలు అట్ట నుంచి అట్టదాకా చదువుతుంది. మొన్న కొత్తది తెచ్చిస్తే, కళ్లజోడు పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివి, సాయంత్రం నేను ఇంటికి రాగానే పిలిచింది.

"ఒరేయ్, ఈ పైపు అంగుళన్నర అని రాశావు. కొలిచే రాశావా?"

"కొలిచానమ్మా."

అమ్మ కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఎవరి చేత్తో?"